మా ఇంటి టీటీడీ

ఆదివారం వీడియో కాల్ అంటే మొన్నమొన్నటి దాకా మా ఇంట్లో ఒక తంతు ఉండేది. మామయ్య స్నానం చేసి, బనీను మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. నేను ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి పెట్టేదాన్ని. అటు డల్లాస్‌లో మా మరిది కొడుకు, పన్నెండేళ్ళవాడు, తెర మీదికి వచ్చేవాడు.

"బాగున్నావా నాన్నా?"

"బాగున్నా తాతయ్యా."

"తిన్నావా?"

"తిన్నా."

"స్కూలుకి వెళ్తున్నావా?"

"వెళ్తున్నా."

అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు పలచబడేసరికి మా మరిది ఫోన్ అందుకునేవాడు. మామయ్య లోపలికెళ్ళి చొక్కా విప్పి, మళ్ళీ హ్యాంగరుకి తగిలించేవారు. రెండు నిమిషాల కోసం వేసిన చొక్కా కదా, మాసేది కాదు. వచ్చే ఆదివారం కూడా అదే చొక్కా.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే. పిల్లాడికి తెలుగు సరిగా రాదు, అమెరికా పిల్లలు అంతే అని. నేను ఒప్పుకోను. తెలుగు బాగా వచ్చిన మా అమ్మాయి కూడా హాస్టల్ నుంచి తాతయ్యతో మాట్లాడేది ఆ నాలుగు ముక్కలే. లోపం భాషలో లేదు. ఇద్దరి మధ్య పని లేకపోవడంలో ఉంది.

మీ చిన్నతనం ఒకసారి గుర్తు చేసుకోండి. మన తాతలతో మనం ఎదురెదురుగా కూర్చుని "మాట్లాడుకున్నామా"? ఆయన నులక మంచం బిగిస్తుంటే తాడు కొస పట్టుకున్నాం. పల్లీలు ఒలిచాం. ఆవుకి కుడితి పెడుతుంటే వెనకాల నిలబడ్డాం. మాటలు ఆ పని మధ్యలో వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు పని తీసేసి, మొహాలు మాత్రం ఎదురుగా పెట్టి, మాట్లాడుకోండి అంటున్నాం. ఎవరికైనా నోరు పెగలదు.

ఈ సంగతి నాకు అర్థమైంది పోయిన ఏడాది వేసవి సెలవుల్లో. వాళ్ళు హనుమకొండ వచ్చారు. పిల్లాడు హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని రైళ్ళ ఆట ఆడుకుంటున్నాడు. మామయ్య మంచినీళ్ళకని వెళ్తూ వాడి వెనకాల ఆగారు. కాసేపు చూశారు. "ఆ సిగ్నల్ అక్కడ పెడితే వెనక బండి ఆగిపోతుంది నాన్నా" అన్నారు. వాడు తల తిప్పి చూశాడు. రెండు నిమిషాల్లో నిజంగానే ఆగిపోయింది.

మామయ్య ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో చేశారు. ఎక్కువ కాలం కాజీపేట, డోర్నకల్ వైపు స్టేషన్ మాస్టరు. అత్తయ్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఆయన ఒక విషయం గురించి అంత ఇష్టంగా మాట్లాడటం నేను చూడలేదు. పది రోజులు తాతా మనవడూ ఆ లాప్‌టాప్ ముందే. తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు, ఆటా వాడితోనే వెళ్ళిపోయింది. మళ్ళీ ఆదివారం, మళ్ళీ ఇస్త్రీ చొక్కా.

ఆ ఆట పేరు ఓపెన్ టీటీడీ. పేరు వినగానే మామయ్య "దర్శనం టికెట్లా అమ్మా?" అన్నారు. కాదు. క్రిస్ సాయర్ అనే ఆయన 1994లో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ అని ఒక ఆట రాశాడు. మరుసటి ఏడాది దానికే మెరుగులు దిద్ది డీలక్స్ అన్నాడు. ఆ మూడు మాటల పొడి అక్షరాలే టీటీడీ. దాన్ని చూసి 2004లో మొదలుపెట్టి, ఇప్పటికీ ఔత్సాహికులు కలిసి పెంచుకుంటూ వస్తున్నది ఈ ఓపెన్ టీటీడీ. ఉచితం. ప్రకటనలు లేవు. నాణేలు కొనమని పిల్లల్ని పీడించడం లేదు. ఒక పటం ఉంటుంది. అందులో ఊళ్ళు, బొగ్గు గనులు, పొలాలు, విద్యుత్ కేంద్రాలు. మనం పట్టాలు వేసి, బళ్ళు కొని, సరుకునీ మనుషుల్నీ చేరవేయాలి. చేర్చిన దూరాన్ని బట్టి, పట్టిన కాలాన్ని బట్టి డబ్బు వస్తుంది.

ఇద్దరు వేరే దేశాల నుంచి ఒకే పటం మీద ఆడాలంటే దాన్ని ఎక్కడో ఒక కంప్యూటరు నడుపుతూ ఉండాలి. అదే సర్వరు. ఎవరైనా చేరగల సర్వర్లు బోలెడు ఉన్నాయి. ఒకటి తెరిచి చూశాం. అక్కడ ఆడేవాళ్ళు మెరుపుల్లాగా ఆడతారు. మామయ్య ఒక మలుపు వేయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పైగా ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్యకి పన్నెండేళ్ళ పిల్లాణ్ణి పంపాలి. వద్దనుకున్నాం.

"నేను ఏర్పాటు చేస్తాలే వదినా" అన్నాడు మరిది. సాఫ్ట్‌వేరు వాడు, వాడికి గంట పని. మూడు నెలలు గడిచాయి. గంట దొరకలేదు. తప్పు పట్టను, వాడి ఉద్యోగం అలాంటిది. మావారేమో "నీకెందుకీ తలనొప్పి" అన్నారు. నేను చదివింది బీఏ తెలుగు. కంప్యూటరులో నాకు తెలిసింది ఈ బ్లాగులో టైపు చేయడం వరకే. కానీ ప్రతిపదార్థం రాయడం వచ్చు. అర్థం కాని పద్యం ముందు కూర్చుని ఒక్కొక్క మాటా విడదీసి, అన్వయం కుదిరేదాకా వదలకుండా ఉండటం మూడేళ్ళు నేర్పారు. సూచనల కాగితం కూడా అలాగే చదివాను. అటక మీద మా అమ్మాయి పాత లాప్‌టాప్ ఉంది. బ్యాటరీ పోయింది, ఒక మీట ఊడింది. దాన్నే దించాను.

ఎలా పెట్టానో కొంచెం వివరంగానే చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆట దించుకుని తెరిస్తే ముందు బొమ్మల మూట ఒకటి దించుకోమంటుంది, సరే అనాలి. సర్వరు అంటే వేరే సాఫ్ట్‌వేరు కాదు, అదే ఆట. కాకపోతే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో ఆట పేరు రాసి, పక్కన ఒక గీత, పెద్ద డి అక్షరం చేర్చి నడపాలి. అప్పుడు బొమ్మలు ఉండవు. నల్లటి కిటికీలో అక్షరాలు మాత్రం వస్తాయి. పాడైందనుకుని నేను రెండుసార్లు మూసేశాను. పాడవలేదు, సర్వరు అలాగే ఉంటుంది. పటం, పట్టాలు అన్నీ చేరినవాళ్ళ తెర మీదే కనిపిస్తాయి. హాల్లో కూర్చున్నవాళ్ళకి వంటిల్లు కనపడనట్టు.

రెండు రోజులు నేను తల బాదుకున్నది మాత్రం రౌటరు దగ్గర. చదివిన సూచనలు 3979 నంబరు ద్వారం తెరవమన్నాయి. తెరిచాను. అయినా డల్లాస్ నుంచి వాడు రాలేకపోయాడు. తర్వాత తెలిసింది, మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఎన్నో ఇళ్ళకి కలిపి బయటికి ఒకటే చిరునామా ఉంటుందట. అపార్టుమెంటు గేటు మూసి ఉంటే మన ఇంటి తలుపు బార్లా తెరిచినా చుట్టం లోపలికి రాలేడు కదా, అదీ సంగతి. అసలు నేను చదువుతున్నవే పాత సూచనలు. 2021లో వచ్చిన పన్నెండో వెర్షన్ నుంచి ఆ అవస్థ చాలా వరకు తప్పింది. సర్వరుని ఇన్వైట్ ఓన్లీ అని పెడితే, ప్లస్ గుర్తుతో మొదలయ్యే ఒక కోడ్ ఆ నల్ల కిటికీలోనే కనపడుతుంది. అది ఎవరికిస్తే వాళ్ళే రాగలరు. దానికి తోడు పాస్‌వర్డ్ కూడా పెట్టాను. ఏ సూచనలైనా చదివే ముందు అవి ఏ ఏటివో చూసుకోండి. రెండు వైపులా ఆట వెర్షన్ ఒకటే ఉండాలి, చివరి అంకె తేడా ఉన్నా లోపలికి రానివ్వదు.

మొదటి శనివారం ఇద్దరూ గంటన్నర ఆడారు. రాత్రి నేను దాన్ని అలాగే వదిలేసి పడుకున్నాను. ఆ ఆటలో ఒక రోజంటే మన రెండు సెకన్లు. ఏడాదికి పన్నెండు పదమూడు నిమిషాలు. తెల్లారి లేచి చూస్తే అక్కడ ముప్పై ఏడేళ్ళు గడిచిపోయాయి! వాళ్ళు కొన్న ఆవిరి ఇంజన్లన్నీ ముసలివైపోయి, అడుగడుగునా ఆగుతూ, పొగలు కక్కుతూ ఉన్నాయి. ఖాతాలో డబ్బు ఎర్ర అంకెల్లోకి దిగింది. మామయ్య చాలాసేపు చూశారు. "మనం లేకపోయినా బళ్ళు తిరిగాయన్నమాట" అని మాత్రం అన్నారు. నాకెందుకో ఆ మాట గుచ్చుకుంది.

ఆ రోజే ఆ సెట్టింగు వెతికి పట్టుకున్నాను. మిన్ యాక్టివ్ క్లయింట్స్ అని ఉంటుంది. ఎంతమంది ఆడుతుంటే ఆట కదలాలో ఆ అంకె వేయొచ్చు. మామూలుగా సున్నా ఉంటుంది. నేను రెండు వేశాను.

ఇక తాత ఒక్కరే వచ్చినా, మనవడు ఒక్కడే వచ్చినా, అక్కడ కాలం ఆగి ఉంటుంది. బళ్ళు ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి. రెండో మనిషి రాగానే కదులుతాయి.

సొంతంగా సర్వరు పెట్టుకోవాలని నేను అనేది ఇందుకే. ఎవరో పెట్టిన చోట ఈ అంకె మన చేతిలో ఉండదు. ఫోన్లలో పిల్లలు ఆడే ఆటల్లో చాలా వాటికి వాడు ఎంతసేపు ఒంటరిగా కూర్చుంటే అంత లాభం. మన ఇంట్లో మన లాప్‌టాప్ మీద ఉన్న ఆటకి ఆ ఆశ లేదు. ఎప్పుడు మొదలవ్వాలో, ఎవరు రావాలో, ఎంతమంది ఉంటే నడవాలో మనమే రాస్తాం. "ఆటలకి బానిసలు అవుతారు కదా" అని అడిగేవాళ్ళకి నా జవాబు కూడా ఇదే. మనవడు ఒక్కడే అర్ధరాత్రి లేచి ఆడదామన్నా అక్కడ ఆడటానికేమీ ఉండదు. తాతయ్య రావాలి.

శనివారం సాయంత్రం మనకి ఏడున్నర, వాడికి పొద్దున్న తొమ్మిది. నవంబరులో వాళ్ళ గడియారం వెనక్కి జరిగితే మనకి ఎనిమిదిన్నర అవుతుంది. మామయ్య ఎనిమిదింటి భోజనం ముప్పై ఏళ్ళలో మొదటిసారి ముందుకి జరిగింది. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన ఉంచుతాను. మొహాలు కనపడవు. ఇద్దరూ పటం చూస్తుంటారు.

స్టేషన్లకి పేర్లు పెట్టుకోవచ్చు. మామయ్య వరసగా డోర్నకల్, గార్ల, మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ అని పెట్టుకుంటూ వచ్చారు. డోర్నకల్ దగ్గర ఒక పాయ చీల్చి బొగ్గు గని దాకా వేశారు. నిజంగానే అక్కడి నుంచి కొత్తగూడెం వైపు లైను చీలుతుంది, సింగరేణి బొగ్గు ఆ దారినే వస్తుంది. "వై డోర్నకల్, తాతయ్యా?" అని వాడు అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆ రోజు పూర్తి కాలేదు, మరుసటి వారం కూడా నడిచింది.

సిగ్నళ్ళ దగ్గరైతే ఇద్దరికీ పెద్ద చర్చ. ఒక బ్లాకులో ఒక సమయంలో ఒకటే బండి ఉండాలి. రైల్వేలోనూ అంతే, ఈ ఆటలోని మామూలు సిగ్నలూ అంతే. సింగిల్ లైను మీద డ్రైవరు చేతికి ఇనప బంతి లాంటి టోకెన్ ఇస్తేనే బండి కదిలేదని, నీల్స్ యంత్రంలోంచి ఒక బంతి బయటికి వస్తే అది అవతలి స్టేషన్‌ యంత్రంలో పడేదాకా రెండోది రాదని ఆయన చెప్తుంటే, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను. పాత్ సిగ్నల్ అని ఇంకోటి ఉంటుంది. దారులు ఒకదాన్నొకటి కోయకపోతే ఒకే బ్లాకులోకి రెండు బళ్ళని వదులుతుంది. మామయ్య మొదట ససేమిరా అన్నారు. వారం తర్వాత "యార్డులో రూటు సెట్ చేసినట్టే కదరా ఇది" అని ఆయనే ఒప్పుకున్నారు. మనవడు తాతకి నేర్పిన మొదటి సంగతి అది.

ఒక శనివారం వాడు అడిగాడు, స్టేషన్ మాస్టర్ తప్పు చేస్తే ఏమవుతుందని. మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత సగం తెలుగు, సగం ఇంగ్లీషులో చెప్పారు. ఒక వానరాత్రి గూడ్సు బండి ఒకటి స్టేషన్ దాటింది. చివరి పెట్టె వెనక ఎర్ర దీపం కనపడలేదు. దీపం కనపడకపోతే బండి మొత్తం వచ్చిందో, మధ్యలో తెగి కొన్ని పెట్టెలు వెనకే పట్టా మీద ఉండిపోయాయో చెప్పలేం. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది. ఆయన లైన్ క్లియర్ ఇవ్వలేదు. కంట్రోల్ వాళ్ళు ఫోన్లో తిట్టారు. ముప్పావు గంట తర్వాత తేలింది, బండి మొత్తం వచ్చింది, దీపం మాత్రం ఆరిపోయింది. ఆలస్యానికి ఆయన్ని సంజాయిషీ రాయమన్నారు.

"సో యూ వర్ రాంగ్?" అన్నాడు వాడు.

"రైటే నాన్నా. తెలియనప్పుడు ఆపడమే రైటు."

వాడు కాసేపాగి "మన ఆటలో ట్రెయిన్స్‌కి ఆ లైట్ లేదు తాతయ్యా" అన్నాడు.

"అందుకే అది ఆట" అన్నారు మామయ్య.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళు. ఆ వానరాత్రి సంగతి నేనెప్పుడూ వినలేదు. మావారూ వినలేదట. ఎవరం అడగలేదు. అడగాలని ఎలా తెలుస్తుంది? "తిన్నారా" అన్న ప్రశ్నకి ఆ జవాబు రాదు కదా.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నిజాయితీ కాదు. సర్వరు పెట్టడం ఒక రోజు పని, నడపడం ప్రతి వారం పని. ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదలుపెడితే పూర్తిగా కొత్త పటం! డోర్నకల్ లేదు, ఏమీ లేదు. నా గుండె జారిపోయింది. తర్వాత తెలిసింది, ఆ ఆజ్ఞ అలాగే ఇస్తే అది కొత్త పటమే తెరుస్తుందట. పాతది కావాలంటే పక్కన జి అక్షరం వేసి, దాచిన పటం పేరు రాయాలి. ఆట తనంతట తాను దాచుకున్నవి ఆటోసేవ్ ఫోల్డరులో పదహారు దాకా ఉంటాయి. వాటిలో చివరిది తెరిస్తే అన్నీ ఉన్నాయి, ఆఖరి కొద్ది నిమిషాల పని తప్ప. ఇప్పుడు రౌటరునీ లాప్‌టాప్‌నీ ఇన్వర్టరుకి తగిలించాం.

ఈ మరమ్మతులన్నీ ఎవరి మీద పడ్డాయి? "అమ్మా, బండి కదలట్లేదు చూడు." "పెద్దమ్మా, కోడ్ పనిచేయట్లేదు." పోపు వేస్తుంటే ఒక పిలుపు, గిన్నెలు తోముతుంటే ఒక పిలుపు. నెల తిరిగేసరికి నాకు అర్థమైంది, ఇంట్లో ఇంకో పొయ్యి వెలిగించి దాని ముందు కూడా నేనే కూర్చున్నానని. ఇల్లు నడపడంలాగే సర్వరు నడపడమూను. నడిచినంతకాలం ఎవరికీ కనపడదు, ఆగితేనే మనం గుర్తొస్తాం. కుటుంబాన్ని కలిపి ఉంచే పని ఏదైనా చివరికి ఆడవాళ్ళ ఖాతాలోకే వస్తుంది. దాన్ని మళ్ళీ మురిపెంగా బ్లాగులో రాసుకోవడం కూడా మనకి అలవాటే.

అందుకని మీలో ఎవరైనా పెట్టదలిస్తే మొదటి రోజే చేయాల్సిన పని ఒకటి చెప్తాను. నోట్‌బుక్కులో రాయండి. నేను ఆలస్యంగా రాశాను. ఒకటి, లాప్‌టాప్ పెట్టు. రెండు, నల్ల కిటికీ తెరిచి ఈ వరస టైపు చెయ్యి. మూడు, కోడ్ కనపడితే డల్లాస్‌కి పంపు. నాలుగు, ముగించే ముందు సేవ్ అని, పటం పేరు రాసి, అప్పుడు క్విట్ అను. మొత్తం రెండు పేజీలు వచ్చింది. మావారిని పక్కన కూర్చోబెట్టి, నేను చేతులు కట్టుకుని, ఆయన చేతే మూడు శనివారాలు చేయించాను.

అందరి ఇళ్ళలో స్టేషన్ మాస్టర్లు ఉండరు, నిజమే. పొలం చేసిన తాత, ఇల్లు దగ్గరుండి కట్టించిన అమ్మమ్మ ఉంటారు. పిల్లలందరికీ తెలిసిన మైన్‌క్రాఫ్ట్‌కి కూడా ఇలా సొంతంగా పెట్టుకునే సర్వరు ఉచితంగానే ఇస్తారు, ఆటని మాత్రం ఆడేవాళ్ళు కొనుక్కోవాలి. అందులో ఇళ్ళు కట్టొచ్చు, పంటలు వేయొచ్చు. ముందు మీ పెద్దవాళ్ళ చేతులకి ఏ పని తెలుసో చూడండి. ఆ పని ఉన్న ఆట తర్వాత వెతకండి. పిల్లల్ని తాతయ్యతో మాట్లాడమని పోరడం మాత్రం ఇక మానేద్దాం.

దసరాకి నేను మా అమ్మగారింటికి వెళ్ళాను. శనివారం ఏడుంబావుకి ఫోన్ మోగింది. "కిటికీ తెరిచాను, ఏమీ రావట్లేదు" అన్నారు మావారు.

"నోట్‌బుక్కు రేషన్ కార్డు ఫైలు పక్కన ఉంది. రెండో పేజీ" అని చెప్పి పెట్టేశాను. మళ్ళీ ఫోన్ రాలేదు.

తిరిగొచ్చాక చూస్తే పటంలో కొత్త స్టేషన్ ఒకటి ఉంది, ఖమ్మం. ఇస్త్రీ చొక్కా హ్యాంగరుకి ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇప్పుడు శనివారాలు మామయ్య బనీను మీదే కూర్చుంటారు.